అంగుళం పరశురాం

మీరు ఇబ్రహీంపట్నం వస్తే ఇంకేం చూసినా చూడకపోయినా మా పరశురాం మామను కలిసి తీరాలి. గుర్తుపట్టడం తేలిక. ఎవరేం అడిగినా “అంగుళం గూడ ఇయ్య” అనే మనిషి ఆయనే. యాచారం బస్సులో జర జరగమంటే జరగడు. పెళ్లి బంతిలో పక్కవాడి విస్తరి తన విస్తరికి తగిలిందంటే ఇక చర్చలే.

టీవీలో సరిహద్దు గొడవ వస్తే హోటల్లో ఆయన చాయ్ చల్లారిపోతుంది. దేశాల తగాదాల మీద ఆయనకో సిద్ధాంతం ఉంది.

“మంత్రి బయటి దేశం పొయ్యి గట్టిగ మాట్లాడేది ఆ దేశపోళ్లకు కాదు అల్లుడా, మనింట్ల టీవీ ముందట కూసున్నోళ్లకు. మట్టి, పరువు అని ఓట్లడిగినోడు జర మెత్తవడితె సొంతోళ్లే ఊకోరు.”

“మరి గొడవ తెగేదెట్ల మామా?”

“గట్టోడని పేరున్నోడే తెంపాలె. మెత్తటోడు తెంపితె అమ్ముకున్నడంటరు.”

మామకు సొంత సరిహద్దు ఒకటి ఉంది. అవతల ముత్యాలన్న చేను. ఆయన రోడ్డెక్కాలంటే మామ చేను దాటాల్సిందే. బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు వచ్చి భూముల రేట్లు పెరిగాక అందరికీ హద్దులు గుర్తొచ్చాయి. మామ వాళ్లమ్మ అనంతమ్మ ఆ దారికి ముళ్లకంప కొట్టించింది. ఆ ఇంట్లో పార్టీ, ప్రభుత్వం రెండూ ఆమే. మీ బాపు పాతిన హద్దురాయి, అది కదిలితే నువ్వు నా కొడుకువే కాదు పో అంది.

దారి లేక ముత్యాలన్న టమాటలు చేన్లోనే మురిగిపోయాయి. ఇంకో పంట అలాగే పోతే చేను ప్లాట్లు చేసే వెంచర్ వాళ్లకు అమ్ముకోవడమే. ఉండబట్టలేక ముత్యాలన్నే మామ ఇంటి వాకిట్లోకొచ్చి, ట్రాలీ పట్టేంత బాట ఇమ్మని అడిగాడు. లోపల సీరియల్ చూస్తున్న అనంతమ్మకు వినబడేంత గట్టిగా మామ “అంగుళం గూడ ఇయ్య” అన్నాడు. ముత్యాలన్న తలొంచుకుని వెళ్లిపోయాడు. అనంతమ్మ మురిసిపోయి కొడుక్కి ఆ పూట ఇంకో జొన్నరొట్టె వేసింది.

మర్నాడు పొద్దున చేన్లో జేసీబీ! మామ సొంత చేన్లోంచే, ట్రాలీ పట్టేంత వెడల్పున బాట! హద్దురాయి మాత్రం పసుపు కుంకుమతో ఉన్నచోటే ఉంది. అనంతమ్మ కొంగు బిగించి ఉరికొచ్చింది.

“అమ్మా, రాయి కదిలిందా?” అన్నాడు మామ.

“లే.”

“బాట ఎవలది?”

“మనదే.”

“ముత్యాలు దినాం మన బాట మీదికెళ్లి పోవాలె. పోయినప్పుడల్లా ఇది మనదని ఒప్పుకున్నట్టే గద.”

అనంతమ్మ ఆలోచించింది. ముఖం యుద్ధం గెలిచినట్టు వెలిగింది.

“రోజుకు రెండుసార్లు పొమ్మను” అంది.

అంగుళం కూడా ఇయ్యనన్నావు కదా అని తర్వాత మామను నిలదీశాను.

“అంగుళంల ట్రాలీ పడ్తదా అల్లుడా?”

ఇప్పుడు రోజూ ట్రాలీ చప్పుడు వినగానే, గట్టు మీద కూర్చున్న అనంతమ్మ కోసం మామ ఇది మా భూమి, యాదుంచుకో అని కేకేస్తాడు. ముత్యాలన్న కూడా అంతే గట్టిగా “అవ్ అన్నా, మీదే” అని, గంపెడు టమాటలు దించి పోతాడు. అనంతమ్మ వాటిని కప్పం అంటుంది. చారు మాత్రం బ్రహ్మాండంగా పెడుతుంది.

అలాంటి తల్లికి కొడుకై, అలాంటి ముత్యాలన్నకు పక్క చేనువాళ్లయితే, మీరైతే ఏం చేసేవారు చెప్పండి?