బుడగచేప మీద కొసరు

నంద్యాల బజారులో అంగడి ఉన్న ఇంట్లో పుట్టినవాడు కొసరు అడక్కుండా బయటికి రావడమంటే చొక్కా మర్చిపోయి రావడమే. కూరగాయలు కొంటే పైన కరివేపాకు, గుడ్డ చింపిస్తే పైన జానెడు. ఆళ్ళగడ్డలో మా మామ ఈ గుణం చూసే నాకు పిల్లనిచ్చానని చెప్పుకుంటాడు.

అండమాన్‌లో నేనూ మామా సముద్రంలోకి దిగాం. అత్త నీళ్ళంటే భయమని పడవలోనే ఉండిపోయింది. మీసం ఉంటే మాస్కులోకి నీళ్ళొస్తాయన్నాడు గైడు. "తలకాయ తీస్తా గానీ మీసం తీయను పో" అన్నాడు మామ. చివరికి మీసానికి వ్యాజిలీన్ పూసుకుని దిగాడు.

కింద పగడాల దిబ్బ. నేను రాళ్ళనుకున్నవన్నీ ప్రాణమున్నవేనట. చిలకముక్కు చేపలు వాటిని కొరుకుతుంటే పటికబెల్లం నమిలిన చప్పుడు. ఒక బండ కింది నుంచి బుడగచేప తనంతట తానే గైడు చేతి దగ్గరికొచ్చింది, పెంపుడు కోడిలా. పట్టుకోగానే నీళ్ళు మింగి గుండ్రంగా ఉబ్బింది. వదలగానే కక్కేసి బండ కింద దూరింది.

పడవెక్కగానే మామ మొదలుపెట్టాడు. "మీ అత్త చూడల్యా గదప్పా. దాన్ని పైకి తెమ్మను."

గైడు శ్రీకాకుళం నుంచి వలసపోయినవాళ్ళ బిడ్డ. "వద్దు సార్. నీళ్ళు మింగితే కక్కేస్తాది. పైకి తెస్తే గాలి మింగుతాది, అది కక్కలేదు. సచ్చిపోద్ది."

మామ నా వైపు తిరిగాడు. "ఏందల్లుడా, కొసరు అడిగేకి గూడా రాదా? అంగట్లో కూచోని గోలీలాడతాండావా?"

మామూలుగా నాకు తెలిసిన విద్య ఒకటే. వద్దులే అని వెనుదిరిగి నడవడం, పిలుపు కోసం చెవులు రిక్కించడం. సముద్రం మధ్యలో నడిచేందుకు చోటేదీ? ఫోన్‌లో వాళ్ళ కంపెనీకి రేటింగ్ ఇచ్చే పేజీ తెరిచి గైడుకు చూపించాను.

"ఎన్ని చుక్కలు పెట్టమంటావ్ తమ్ముడూ? ఒకటా, అయిదా?"

ఎవరో ఒక్క చుక్క పెట్టినందుకు యజమాని ఉద్యోగం పీకేస్తానన్నాడని వచ్చేటప్పుడు గైడే చెప్పుకున్నాడు. బేరగాడి దగ్గర ఎవరూ గోడు వెళ్ళబోసుకోకూడదు.

గైడు నీళ్ళలోకి దూకాడు. ఈసారి కూడా అది తనంతట తానే చేతిలోకి వచ్చి ఉంటుంది. పైకెత్తగానే నోరు తెరిచి గాలి మింగి బంతైంది. ముళ్ళు నిక్కాయి.

అత్త కొంగు తల మీదికి లాక్కుని వంగి చూసింది. "ఇదేనా? కప్ప మాదిరుండాది. ఎండ మండుతాంది, పోదాం పాండి."

గైడు దాన్ని నీళ్ళలో ముంచి, నోరు పైకి పెట్టి పొట్ట నిమిరాడు. గాలి రాలేదు. వదిలితే వెల్లకిలా తేలింది. మళ్ళీ పట్టుకుని నిమిరాడు.

"కొంచెం సేపు ఆగండి సార్."

"ఇంగా ఏందాగేది? ఆమెకి తలకాయ నొస్తాంది" అన్నాడు మామ.

గైడు చేతులు తీసేసి పడవెక్కాడు. మామ నా వీపు చరిచాడు. "ఇదప్పా బేరమంటే!" పెళ్ళైనప్పటి నుంచీ ఆ మాట కోసం కాచుకున్నాను. నవ్వాను కూడా. పడవ వెనక అది తెల్లటి పొట్ట పైకి పెట్టి, కిందికి పోవాలని ఇంకా రెక్కలు కొట్టుకుంటూనే ఉంది. చిన్న చేపలు వచ్చి దాని తోక రుచి చూడడం మొదలుపెట్టాయి.