చిన్నాయన మాట్లాడడం మానేసిన ఏడాది

నేను బెంగళూరులో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నప్పుడు, దగ్గర్లోని ఆనేకల్‌లో ఉండే మా చిన్నాయన మాట్లాడడం మానేశాడు. ఊహ తెలిసినప్పటి నుంచి పట్టు చీరలు నేసిన మనిషి. గిరాకీ లేక మగ్గం తీసేశాక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు.

నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మెదడులో రసాయనాల తేడా అని డాక్టరు మాత్రలు రాశారు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. మాట మాత్రం రాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒకరోజు అన్నాడు: "మాత్ర మంచిదే అప్పా. నిద్రొస్తాది. లేచినాక ఏం చేయాల్నో అది చెప్పదు కదా."

మనిషి నడవడికను చిన్న చిన్న కారణాలుగా విడదీసి చూడాలా, మనిషిని మొత్తంగా చూడాలా అన్నది ఆ ఏడాది నా ప్రాజెక్టు. పేరు రాయకుండా చిన్నాయన గురించే రాశాను. మెదడు గురించి కొన్ని పేజీలు, వంశం గురించి, బాల్యం గురించి, పని పోవడం గురించి ఇంకొన్ని. అన్నీ కలిపి చూడాలని ముగించాను. మేడం తరగతిలో మెచ్చుకున్నారు.

ఆ సంబరంలో ఆదివారం ఆనేకల్ వెళ్లి, ప్రాజెక్టులో ఉన్నదంతా ఆయనకు తెలుగులో చెప్పాను. చివరిదాకా విని అన్నాడు:

"అంతా నిజమే. నేను నేస్తా ఉంటే మీ చిన్నమ్మ పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టేది. పొద్దుగూకులూ ఏందో ఒకటి మాట్లాడుకుంటా ఉండేవాళ్లం. ఇప్పుడు ఆమె గార్మెంట్స్‌కు పోతాది. అలిసిపోయి వస్తాది. నేనెవరితో మాట్లాడాలప్పా?"

చిన్నమ్మ చందాపుర దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతోందని నాకు తెలుసు. ఇంటి ఆదాయం అన్నచోట ఒక వాక్యం రాశాను కూడా. ఆమె పనికి పోతే ఆయనకు మాట్లాడే తోడు పోతుందని మాత్రం తట్టలేదు.

"ప్రతి ఆదివారం నేనొస్తా చిన్నాయనా," అన్నాను. మూడు ఆదివారాలు వెళ్లాను. తర్వాత బెంగళూరు తూర్పు కొసన బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లడం మానేశాను. ఫోన్ చేస్తే "ఆఁ, ఉండాను" అనేవాడు.

మరుసటి వానాకాలం, చిన్నమ్మ పనిలో ఉండగా, గుండె ఆగి పోయాడు.

అంత్యక్రియలయ్యాక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సదువుకున్నోడివి. చెప్పప్పా, మాత్రలు చాల్లేదా? నేను పనికి పోకుండా ఉండాల్సిందా?"

"నీ తప్పేం లేదు చిన్నమ్మా."

ఆమె మళ్లీ అదే అడిగింది. నేను వెళ్లని ఆదివారాల గురించి మాత్రం అడగలేదు.