జపాన్ పెద్దమనిషి తిన్న తర్రి రామెన్

మా ప్లాంటుల కొత్త పంపు బిగించనీకి జపాన్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. అరవై ఏండ్లుంటయేమో. సన్నగ, నిటారుగ ఉంటడు. పొద్దున ఎనిమిది గంటలకు రమ్మంటే ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువున్నప్పుడే గేటు దగ్గర నిలబడి ఉంటడు. ఆయన వెంబడి ఉండి కావల్సినవి చూసే పని నామీద పడ్డది. నేను అక్కడ ఇంజనీర్‌ని. మా నాయన మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గు బాయి పనికని చంద్రపూర్ వచ్చిండు. నేను ఇక్కడనే పుట్టిన, మరాఠీ బడిల చదివిన, ఇంట్ల తెలుగు మాట్లాడిన. ఇంగ్లీషు మాత్రం అక్కరకొచ్చినంతే. ఆయనదీ అంతే కాబట్టి మా ఇద్దరికీ మంచిగ కుదిరింది.

మూడు వారాలైనంక మా సాహెబ్ నన్ను కేబిన్‌కు పిలిచిండు.

"పాపం, ఆయనకు ఇంటి తిండి యాదికొస్తుండొచ్చు. నాగ్‌పూర్ రోడ్డు మీద ఎవరో రామెన్ హోటల్ పెట్టిన్రట. జపాన్ వాళ్ల సేమ్యా సూపు. ఇయ్యాల సాయంత్రం తీసుకపో," అని మరాఠీల హుకుం ఇచ్చిండు.

ఆయనకు ఇంటి తిండి యాదికొస్తున్న జాడ నాకైతే యాడ కనపడలే. రోజు పొద్దున గేటు బయట బండి మీద అటుకులు తింటడు. మా ఊర్ల అటుకుల మీద తర్రి పోస్తరు. శనగలేసి కాచి, పైన ఎర్రటి నూనె తేలేటట్టు చేసిన కారం రసం. మొదటిరోజు నేనే అడ్డం పడ్డ. "వద్దు సార్, కడుపుల మంట లేస్తది" అని చేతులు, పొట్ట పట్టుకొని చెప్పిన. రెండో రోజు ఆయనే ప్లేటు ముందటికి చాపి, ఇంకొంచెం పొయ్యమని వేలు చూపించిండు. అయినా సాహెబ్ చెప్పినంక పోకుంటే ఎట్ల?

డ్యూటీ దిగి పోయినం. హోటల్ ముందట ఎర్ర కాయిదం లాంతర్లు వేలాడుతున్నయి. తలుపుకు నీలం పరదా. దాని మీద చేపను తోక పట్టుకొని వంచినట్టు ఒకే ఒక పెద్ద అక్షరం. ఆయన పరదా ముందట ఆగిపోయిండు. అద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడు. చానసేపు చూసి, నా దిక్కు తిరిగి మెల్లగ అడిగిండు.

"మేడం, మనం తినడానికే వచ్చామా?"

"అవును సార్. ఎందుకు?"

"నేను తువ్వాల తెచ్చుకోలేదు."

నాకు అర్థం కాలే. అప్పుడు ఆయన విడమరిచి చెప్పిండు. వాళ్ల దేశంల ఊరందరూ పోయి స్నానం చేసే వేణ్ణీళ్ల ఇండ్లు ఉంటయట. ఆ అక్షరం ఉన్న పరదా కట్టేది వాటికట. నాకు నవ్వాగలే. నవ్వొద్దనుకున్నకొద్దీ ఎక్కువైంది. ఆయన కూడ భుజాలు ఊగేటట్టు నవ్విండు. మూడు వారాలల్ల ఆయన గట్టిగ నవ్వుడు అదే మొదటిసారి.

లోపల అయిదారు టేబుళ్లు, గోడకు మంచుకొండ బొమ్మ. పక్క టేబుల్ దగ్గర ఒక మరాఠీ కుటుంబం ఫోర్కులతోని సేమ్యాను చుట్టలు చుడుతున్నది. వడ్డించే ఆమె పుస్తకం, పెన్ను పట్టుకొని వచ్చింది. మా జపాన్ సార్ మొహం చూసింది. పెన్ను అట్లనే గాలిల నిలిచిపోయింది. ఏం కావాల్నో అడగకనే వంటింట్లకు ఉరికింది. మల్లొచ్చి, "సారీ మేడం, గ్యాస్ అయిపోయింది" అన్నది.

లోపల తాలింపు చిటపట మా దాక వినిపిస్తున్నది.

"సార్, ఒక్క నిమిషం" అని నేను లేచి వంటింట్లకు పోయిన. నా భయం నాది. రేపు సాహెబ్ అడిగితే, గ్యాస్ లేదన్నరని చెప్పాల్నా?

వంటాయన ముప్పై ఏండ్ల మనిషి. నల్ల ఆప్రాన్ కట్టుకొని, గోడకు ఆనుకొని, చెమటలు కక్కుతుండు. తనల తనే తెలుగుల గొణుగుతుండు: "అయిపాయె. గీయాలటితోని నా దుకాణం అయిపాయె."

"ఏమైంది తమ్మీ?" అన్న.

ఉలిక్కిపడి చూసిండు. "అక్కా, మీరు మనోళ్లా?"

"మనోళ్లమే. నీదేవూరు?"

"లక్కడ్‌కోట్. రాజురా అవతల. అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఆయన్ను తీస్కపో. నేను పూణెల హోటల్ల నూడుల్స్ కౌంటర్ మీద పన్జేసిన. రామెన్ ఫోన్ల చూసి నేర్సుకున్న. నిజమైన జపానాయనను నేను ఇప్పటిదాక సూడనే లేదు. గాయన ఒక్క ముద్ద నోట్లె పెట్టుకొని ఉమ్మేసిండనుకో, గా పక్క టేబులోళ్లు సూస్తరు. ఊరంత చెప్తరు."

నవ్వుదామనుకున్న గని నవ్వు రాలే. ఆ భయం నాకు కూడ తెలుసు. ఒకసారి హైదరాబాద్‌ల చుట్టాల పెండ్లికి పోయి, పెండ్లికొడుకు తరఫు ఆమెను "జేవణ్ అయిందా?" అని అడిగిన. అన్నం తిన్నరా అని నా భావం. మరాఠీ ముక్క అది, నోట్లెకెల్లి దానంతటదే వచ్చింది. ఆమె నన్ను కిందికి మీదికి చూసి, "మీరు తెలుగువాళ్లేనా అండీ?" అన్నది. ఇగ పెండ్లి అయ్యేదాక నేను నోరు తెరవలే. ఎవ్వరేమడిగినా నవ్వి ఊకున్న. నన్ను చూసి చాన నెమ్మదస్తురాలని చెప్పుకున్నరట.

అదంత వంటాయనకు చెప్పలే. "చారు దేనితోని కాస్తవు?" అని మాత్రం అడిగిన.

"మేక కాళ్లు, కోడి బొక్కలు. పొద్దుగాల పొయ్యెక్కిస్తె పగటీలి దాక కాగుతది."

మూత తీసి చూపించిండు. వాసనకే ఆకలైంది. "ఇది తిని ఎవ్వలు ఉమ్మెయ్యరు. రోజు చేసినట్టే చెయ్. ఆయన కోసమని కొత్తగ ఏం చెయ్యకు" అని చెప్పి వచ్చి కూచున్న.

మా సార్ అప్పటికే మెనూ చూస్తుండు. పనీర్ రామెన్ దగ్గర కనుబొమ్మలు లేపిండు. జైన్ రామెన్ దగ్గర ఇంకా పైకి లేపిండు. ఒక దగ్గర వేలు ఆగింది. "తర్రి! బండి మీది తర్రి?"

"అదే సార్."

"ఇది కావాలి."

గిన్నెలు వచ్చినయి. ఎర్రటి చారు, సేమ్యా, సగం కోసిన గుడ్డు, పైన కొత్తిమీర, ఉల్లిగడ్డ ముక్కలు. ఆయన చేతులు జోడించి ఏదో అనుకొని, సేమ్యా తినే రెండు పుల్లలు తీసుకొని మొదలువెట్టిండు. మొదలువెట్టుడంటే, జుర్రుమని! అంత సన్నటి మనిషి నుంచి అంత చప్పుడు వస్తదని నేననుకోలే. హోటలంత తిరిగి చూసింది. పక్క టేబుల్ పాప కూడ ఒక సేమ్యాను జుర్రుమని పీల్చింది. వాళ్లమ్మ తొడ మీద ఒకటి ఇచ్చింది. పాప మా సార్ దిక్కు వేలు చూపించింది. మా సార్ ఆ పాపకు తల ఊపి, ఇంకా గట్టిగ జుర్రిండు. వాళ్లమ్మ మొహం తిప్పుకున్నది, నవ్వు కనపడకుంట.

వంటింటి తలుపు సందుల నుంచి ఒక కన్ను మమ్మల్నే చూస్తున్నది.

ఆయన గిన్నె రెండు చేతులతోని ఎత్తి చారు ఆఖరి చుక్క దాక తాగిండు. చెవులు ఎర్రబడ్డయి. ముక్కు తుడుచుకున్నడు. వంట చేసినాయనను పిలవమన్నడు.

వంటాయన వచ్చి, బడిల తప్పు చేసి దొరికినోని లెక్క నిలబడ్డడు.

"ఇది రామెన్ కాదు," అన్నడు మా సార్.

నేను తర్జుమా చెయ్యకముందే వంటాయనకు అర్థమైంది. తల వంచుకున్నడు.

మా సార్ ఖాళీ గిన్నెను రెండు చేతులతోని ఆయనకు అందించిండు. "చాలా బాగుంది. ఇంకొకటి ఇవ్వండి. ఏమనుకోకపోతే, నేనూ వంటింట్లోకి రావచ్చా?"

తర్వాత అరగంట నేను వంటింట్ల ఆ ఇద్దరి నడుమ నిలబడి మాటలు అటుదిటు, ఇటుదటు మోసిన. సార్ కోటు విప్పి మొలకు వంటింటి తువ్వాల చుట్టుకున్నడు. ఆయనకు నచ్చనిది ఒక్కటే, సేమ్యా ఎక్కువ ఉడికింది. చేతి గడియారం విప్పి పొయ్యి పక్కన పెట్టి, "ఇప్పుడు!" అన్నప్పుడు తియ్యాలె అని నేర్పిండు. వంటాయన మొదటిసారి ఆలస్యం చేసిండు, రెండోసారి తొందరపడ్డడు, మూడోసారి కుదిరింది. ఆ సంతోషంల, "తలుపు పరదా చూసిన్రా సార్? అసలు జపాన్ మాల్, ఆన్‌లైన్ల తెప్పించిన" అన్నడు.

సార్ నా దిక్కు చూసిండు. నేను చిమ్నీ దిక్కు చూసిన.

"చాలా మంచి అక్షరం," అన్నడు సార్. "వేడినీళ్లు అని అర్థం."

"కరెక్టే ఉన్నదన్నట్టు!" అని వంటాయన మురిసిపోయిండు. "సూపంటే గదే గద."

అప్పుడే సాహెబ్ ఫోన్. "ఎట్లున్నడు? తింటుండా?"

"వండుతుండు సార్," అన్న.

అవతల నుంచి "ఏందీ?" అన్నడు.

పంపు పని అయ్యేదాక ఆ పెద్దమనిషి వారంల రెండుసార్లు అక్కడికి పోయిండు. తర్వాత నన్ను రమ్మని అడుగుడు కూడ బంద్ చేసిండు. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఏం మాట్లాడుకున్నరో నాకిప్పటికి తెల్వదు. పోయేముందు వంటాయన తర్రి మసాలా దంచి, స్టీల్ డబ్బల పోసి, మూతకు టేపు చుట్టి ఇచ్చిండు.

నెల దాటినంక నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. చిన్న వంటిల్లు, బల్ల మీద గిన్నె, గిన్నెల ఎర్రటి చారు, పక్కన ఆయన భార్య, ఆ జుర్రుడు చప్పుడుకేమో, చెవులు మూసుకొని నవ్వుతున్నది. మర్నాడు హోటల్‌కు పోయి వంటాయనకు చూపించిన. ఫొటోను రెండు వేళ్లతోని పెద్దగ చేసి, అటు జరిపి ఇటు జరిపి పరీక్షగ చూసిండు.

"అక్కా, రంగు మంచిగనే ఉన్నది గని నూనె భయపడి పోసిండు. తర్రి మీదికి తేలలే. గట్లయితే గది తర్రి కాదు. జర చెప్పు ఆయనకు, ఏమనుకోవద్దని."

ఉన్నదున్నట్టు రాసి పంపిన. గంటల జవాబు వచ్చింది. ఆదివారం మళ్ల చేస్తనని, ఈసారి ఫొటో నేరుగ వంటాయనకే పంపుతనని.