ఒక కాయితం తక్కువ

పద్దెనిమిదేళ్లుగా నా ట్రంకుపెట్టె అడుగున ఒక కాయితం ఉంది. నోటుపుస్తకంలోంచి చింపిన సగం కాయితం. దానికి బరువెంత ఉంటుంది? మూడు ఇళ్లు మారాను. మారిన ప్రతిసారీ ఆ పెట్టె ఎత్తడానికి నా చేతులు రాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మల్కాపురంలో ఒక బడిలో ఆయాగా చేశాను. గంట కొట్టడం, గదులు ఊడవడం, బాత్రూములు కడగడం. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. జీతం దగ్గర వేలిముద్రే.

ఏటా జూన్‌లో బడి తెరిచిన రెండోరోజు ఆరో తరగతి టీచరమ్మ పాఠం చెప్పేది కాదు. పిల్లలకి తలా సగం కాయితం ఇచ్చి, "మీ గురించి నాకేం తెలియాలో రాయండి. నేను తప్ప ఎవరూ చదవరు" అనేది. ఇంటికి పట్టుకెళ్లి అన్నీ చదువుకునేది. ఎవరికి తల్లి లేదో, ఎవరు తినకుండా వస్తారో, ఎవరిని ముందు బెంచీలో కూర్చోబెట్టాలో మర్నాటికల్లా ఆవిడకి తెలిసిపోయేది. ఆ కాయితాలు పోగేసి స్టాఫ్‌రూములో పెట్టడం నా పని. చదువు రానిదాన్ని కాబట్టి నా చేతిలో భద్రమని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు బడి తెరిచిన మొదటిరోజే ఆడపిల్లల బాత్రూముకి తాళం వేసేశాను. నీళ్లు మోయలేక అని చెప్పుకోవచ్చు, నడుము నొప్పి అని చెప్పుకోవచ్చు. నిజం బద్ధకం. ఒక పిల్ల వచ్చి తాళం తీయమని బతిమాలింది. కనుబొమ్మ మీద పెద్ద మచ్చ ఉండేది ఆ పిల్లకి. కసిరి పంపాను. ఏడుస్తూ పోయింది.

మర్నాడు కాయితాలు తీసుకుంటుంటే అందరికన్నా ఎక్కువ రాసింది ఆ పిల్లే.

"ఏటే, అంత రాసినావు? నా మీదేటైనా రాసినావేటి?" అన్నాను.

తల ఇటు తిప్పి ఇంకోసారి అడిగించుకుంది. పొగరనుకున్నాను.

"నాను సెప్పనాయమ్మా. టీచరొక్కలే సదవాలి."

"ఓహో, పెద్ద కలెక్టరమ్మవి! నాకు సెప్తే అరిగిపోతావేటి?"

"నీకు సదువు రాదు గదా ఆయమ్మా, నీకెందుకు?"

నవ్వుతూనే అంది. నాకు ఒళ్లు మండింది. మంటకన్నా భయం ఎక్కువ. తాళం సంగతి రాసేసింది, రేపు నా ఉద్యోగం ఊడుతుంది అనుకున్నాను. వరండాలో ఆ ఒక్క కాయితం లాగి బొడ్లో దోపుకున్నాను. పొయ్యిలో పెడదామనే తీసుకెళ్లాను. అక్షరాలున్న కాయితం కాలికి తగిలితేనే కళ్లకద్దుకునేదాన్ని, కాల్చడానికి చెయ్యి రాలేదు. పెట్టెలో పడేశాను.

మర్నాడు టీచరమ్మ లెక్క చూసుకుంటే ఒకటి తక్కువ. ఆ పిల్ల లేచి "ఆయమ్మకి ఇచ్చినానండి" అంది. టీచరమ్మ నా వైపు చూసింది.

"నాకియ్యలేదమ్మా" అన్నాను.

అంతే. ఆరో తరగతికి కొత్తగా వచ్చిన ఆ పిల్ల టీచరమ్మకి అలా పరిచయమైంది, అబద్ధాలకోరుగా. ఆవిడ వెనకబెంచీకి పంపింది. అక్కడ పిలిస్తే ఆ పిల్ల పలికేది కాదు. ముందు అబద్ధం, ఇప్పుడు పొగరు. టీచరమ్మ చెడ్డది కాదు. కానీ ఆవిడ దగ్గర ఆ పిల్ల గురించి నా మాట తప్ప ఇంకేముంది? ఎన్నోసార్లు గది బయట నిలబెట్టింది. ఆ కాళ్ల చుట్టూ నేనే ఊడ్చేదాన్ని. ఒక్కమాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? మొదటిరోజు భయం. తర్వాత రోజు సిగ్గు. ఆ తర్వాత అలవాటైపోయింది. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి పెట్టారని విన్నాను.

అరవై దాటి పని మానేశాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు మీద గాజువాక అని చదివిన రోజు చిన్నపిల్లలా ఎగిరాను. అదేరోజు పెట్టె గుర్తొచ్చింది. తీయడానికి ఇంకో ఏడాది పట్టింది. చదవడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

"టీచర్, నాకు ఎడం చెవి వినబడదు. పలక్కపోతే కోపపడకండి. కుడిపక్క నుంచి పిలిస్తే పలుకుతాను. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఎవరికీ చెప్పకండి, చెవిటిదంటారు."

తాళం సంగతి లేదు. నా ఊసే లేదు.

చెవి సంగతి నాకు తెలియదని ఎన్నిసార్లు అనుకున్నానో. నిజమే, తెలియదు. కానీ కాయితం ఇచ్చిందని తెలుసు కదా.

పోయిన జూన్‌లో షేర్ ఆటో ఎక్కాను. పక్కన ఒకావిడ. కనుబొమ్మ మీద అదే మచ్చ. ఆవిడకి అటుపక్క కొత్త బ్యాగుతో చిన్నపిల్ల, ఇటుపక్క నేను. ఎడమవైపు. "అమ్మా" అన్నాను. తిరగలేదు. భుజం తట్టొచ్చు. దిగినప్పుడు వెనకే దిగి కుడిపక్కకి వెళ్లి పిలవొచ్చు. ఎలా పిలవాలో ఆ కాయితంలోనే ఉంది. పిలవలేదు. ఉక్కునగరం దగ్గర తల్లీ కూతురూ దిగిపోయారు. నేను కదల్లేదు.

క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఇంత పొడుగు కాయితం నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. వేళ్లు నొప్పిగా ఉన్నాయి. గుండె మాత్రం కాస్త తేలికైంది, ఆ తేలిక కూడా నాకు తగనిదేమో. టీచరమ్మకి చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. ఆ పిల్ల అబద్ధమాడలేదు. కాయితం నా చేతికిచ్చింది. నేనే తీశాను.