అత్త వదలమనలేదని ఊపిరి బిగబట్టిన మా మామ

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా మొలవని ఆ రోజుల్లో, సీటీ స్కాన్ తీయడం వస్తే లోకమంతా తెలిసిపోయినట్టేనని నా నమ్మకం. చౌరస్తా దగ్గరి స్కానింగ్ సెంటర్‌లో నాకు అప్పుడే టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. తెల్లకోటు విప్పకుండా బోడుప్పల్ బస్సెక్కితే కండక్టర్ 'డాక్టర్ సాబ్, జర ముందుకు జరగండి' అనేవాడు. (నేను డాక్టర్ని కాదని ఏనాడూ చెప్పలేదు.) అప్పుడే మా సెంటర్‌కు గుండె రక్తనాళాలను చూసే కొత్త యంత్రం వచ్చింది. అది ఇంగ్లీషులో ఇచ్చే ఆజ్ఞలు ఎవరికీ అర్థం కావడం లేదని తెలుగులో నా గొంతు రికార్డు చేసి పెట్టారు. "గాలి గట్టిగా పీల్చండి. అలాగే పట్టి ఉంచండి. ఇక వదలండి." ఆ మూడు ముక్కలకే నేను రేడియోలో వార్తలు చదివినంత మురిసిపోయాను.

సరిగ్గా అప్పుడే మా మేనమామకు ఛాతీలో నొప్పి మొదలైంది. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. స్కాన్‌లో నాళాలు బాగుంటే మాత్రలతో సరిపెట్టవచ్చని, లేకపోతే పెద్దాసుపత్రిలో తొడలోంచి గొట్టం పంపి చూడాలని డాక్టర్ చెప్పాడు. గొట్టం మాట విన్న దగ్గర్నుంచి మామకు అన్నం సయించలేదు. అయినా "మిషిన్ కాడ నా అల్లుడే ఉండంగ నాకేం ఫికర్?" అని వాడకట్టంతా చెప్పుకుని, అత్తను వెంటబెట్టుకుని మా సెంటర్‌కే వచ్చాడు. దాంతో ఆ ఫికరంతా నాకు పట్టుకుంది.

గుండె ఒకచోట ఊరుకునేది కాదు. పరుగెత్తే షేర్ ఆటోను ఫోటో తీసినట్టే, ఏ కాస్త తేడా వచ్చినా అంతా మసక. అందుకే మాత్ర ఇచ్చి గుండె వేగం తగ్గిస్తాం, ఫోటో తీసే ఆ కొద్ది క్షణాలూ ఊపిరి బిగబట్టమంటాం. నాళాలు తెల్లగా కనబడేందుకు రక్తంలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది మూత్రపిండాలకు భారం, మళ్ళీ మళ్ళీ ఎక్కించేది కాదు. కాబట్టి మందుకు ముందు ఉత్తుత్తి రిహార్సల్ ఒకటి చేయిస్తాం. అక్కడే వచ్చింది చిక్కు. ఎవరు పలకరించినా బదులివ్వకపోతే మర్యాద కాదని మా మామ నియమం. బస్సులో కండక్టర్ 'నాచారం, నాచారం' అని అరిస్తే 'దిగుతున్న తమ్మీ' అని జవాబిచ్చే మనిషి.

"అలాగే పట్టి ఉంచండి" అంది యంత్రం.

"అట్లనే అల్లుడా!" అన్నాడు మామ, పీల్చిన గాలంతా వదిలేస్తూ.

నేను లోపలికి పరుగెత్తాను. "మామా, అది నేను గాదు, మిషిన్. జవాబియ్యకు."

"నీ గొంతే గదరా! పిలిస్తే పలకకుంటే ఏం బాగుంటది? అయినా నన్ను గూడ అండీ అంటున్నవేంది, నేనేమన్న పరాయోన్నా?"

రెండోసారి "పట్టిన బిడ్డా, పట్టిన!" అన్నాడు. మూడోసారి నోరు మూసుకున్నాడు గానీ, వినయంగా తల ఊపాడు. తెర మీద గుండె వేగం పైపైకి పోతోంది. "రేపు రమ్మందామా?" అంది మా సెంటర్ డాక్టరమ్మ. రెండు గదుల మధ్య ఉన్న అద్దంలోంచి మామ ముఖం చూశాను. రేపటిదాకా ఆగితే భయంతోనే ఏమైనా అయ్యేట్టున్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అంతవరకూ తలుపు దగ్గర నిలబడ్డ అత్త ముందుకొచ్చింది. "ఇంట్ల నేను మాట్లాడితే ఈయన ఒక్కనాడన్న బదులిచ్చిండా? నన్ను జెప్పనియ్యుర్రి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ మైకు అత్త చేతికిచ్చింది.

"ఇగో, గాలి గుంజు. పట్టు. నోరు దెరిసినవో సూడు!"

మామ శిలైపోయాడు. అంతకంటే వింత, గుండె వేగం మెల్లగా దిగడం మొదలుపెట్టింది. (నేను చదివిన పుస్తకాల్లో ఈ వైద్యం లేదు.) వెంటనే మందు ఎక్కించాం, అత్త మళ్ళీ గద్దించింది, యంత్రం గిర్రున తిరిగింది. తెర మీద గుండె తేటగా పడేసరికి ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తుండిపోయాం. "గిదేనా ఈయన గుండె? గింత మంచిగున్నదే!" అని అత్త మురిసిపోతోంది. ఎందుకో అద్దం వైపు తిరిగాను. మామ బుగ్గలు పూరించుకుని వంకాయ రంగుకు తిరిగి ఉన్నాడు.

"వదులు మామా, వదులు!" అని లోపలికి దూకాను. ఆయన అడ్డంగా తల ఊపి, కళ్ళతో అద్దం వైపు చూపించాడు.

"అయ్యో, ఇడువయ్యా!" అని మైకులో అరిచింది అత్త. మామ కుక్కర్‌లా బుస్సుమన్నాడు. ఊపిరి అందగానే నా మీద విరుచుకుపడ్డాడు. "మీ అత్త ఇడువమనలే గదరా!"

నాళాల్లో ఒకచోట కొద్దిగా కొవ్వు పేరుకుంది, మాత్రలు చాలన్నారు. ఆ సంతోషంలోనే మామ తన కూతుర్ని నాకిస్తానని మాటిచ్చాడు, ఇచ్చాడు కూడా.

ఈమధ్య మెట్రో మెట్లెక్కుతుంటే నాకూ ఆయాసం వచ్చింది. అదే బల్ల మీద ఈసారి నేను పడుకున్నాను. తీయని గొంతొకటి ఊపిరి బిగబట్టమంటే, నా నోరు దానంతటదే "సరేనండీ" అంది. "అంకుల్, మాట్లాడొద్దు!" అని విసుక్కుంది టెక్నీషియన్ అమ్మాయి. (అంకుల్!) కాసేపటికి మైకు గరగరలాడింది. "ఏందయ్యా గది? నోరు మూసుకొని గాలి పట్టు!" అచ్చం అత్త గొంతు. అత్త పోయి చాలా కాలమైంది, అది నా వెంట వచ్చిన మా ఆవిడది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, అయినా ఊపిరి పట్టాను. ఇక వదలండి అని యంత్రం ఎంత తియ్యగా చెప్పినా నేను వదల్లేదు. ఆవిడ చెప్పాలి కదా!