ఊఁ అన్నందుకు

మన తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది. ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నా ఊ కొడతాం. ఒప్పుకున్నామని కాదు, చెవి ఇటే ఉంది, కానివ్వమని. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళే ఆగి, వింటున్నావా అని అడుగుతారు. ఈ ఒక్క అలవాటును పట్టుకుని ఒక మనిషి ఉద్యోగం ఊడబెరికారు. అందుకు కావలసిన కాగితం రాసిచ్చింది నేను. ఇన్నేళ్ళయినా నాకు ఆ మంట చల్లారలేదు. అందులో సగం నా మీదే.

కంప్యూటర్ కోర్సు చేస్తే చాలు, ఇక విమానం ఎక్కడమే అనుకునే రోజులవి. నేనూ ఎక్కాను, అమెరికా దాకా కాదు, మలేషియా పక్కనున్న చిన్న దేశం దాకా. జురాంగ్ ఈస్ట్‌లో ఒక అమెరికన్ కంపెనీలో ఉద్యోగం, క్లెమెంటిలో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గది. ఆఫీసులో నేను కాక తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరే, సర్వర్ రూమ్ చూసుకునే అంకుల్. ఆయన పుట్టింది మలేషియా రబ్బరు తోటల్లో. తాతల నాటి శ్రీకాకుళం యాసలో మలయ్ మాటలు కలిపి మాట్లాడేవారు. పొద్దున్నే కనబడితే "ఏటమ్మా, మకానయిందా?" అనేవారు. తినలేదంటే తను తెచ్చుకున్న పొట్లంలోంచి సగం నా బల్ల మీద పెట్టి మరీ వెళ్ళేవారు. ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పేవారు. పద్నాలుగేళ్ళుగా ఆయన లోకం ఆ చల్లటి గదే.

వాళ్ళ నాన్న తోటలో యూనియన్ మనిషట. దొర ఏ కాగితం మీద వేలిముద్ర వేయమన్నా, ముందు చదివి వినిపించమనేవాడట. అంకుల్ ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను ఊ కొడుతూ వినేదాన్ని.

ఒకరోజు అమెరికా నుంచి పెద్ద మేనేజరు ఫోన్ చేశాడు. స్పీకర్ ఫోన్ ముందు అంకుల్, పక్కన నేను. మాట్లాడుకున్నదంతా మినిట్స్ రాసిపెట్టే పని ఎప్పుడూ నా నెత్తినే పడేది. సర్వర్ల పనంతా హైదరాబాదుకు పంపిస్తున్నామన్నాడు మేనేజరు. అంకుల్ ఊఁ అన్నారు. అక్కడివాళ్ళకు మూడు నెలలు ఫోన్లో పని నేర్పాలన్నాడు. ఊఁ అన్నారు. నేర్పడం అయ్యాక ఆయనే రాజీనామా ఇస్తే అందరికీ గౌరవంగా ఉంటుందన్నాడు. దానికీ, తల వంచుకుని, ఊఁ అన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఆలోచించి చెబుతానని ఇంగ్లీషులో అనేలోపే అవతల ఫోన్ పెట్టేశారు.

బయటికొచ్చాక నాతో తెగేసి చెప్పారు. పీకాలనుకుంటే వాళ్ళనే పీకమను, ఎందుకు పీకారో కారణం కూడా వాళ్ళనే రాయమను, నా చేత్తో నేను రాసివ్వను అని. తన గొయ్యి తనచేతే తవ్వించి, ఆపైన గౌరవం అంటాడా ఆ పెద్దమనిషి! నాకూ ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మినిట్స్‌లో "విన్నారు" అని రాసి పంపాను.

మర్నాడు మేనేజరు నుంచి జవాబొచ్చింది. "విన్నారు" తీసేసి "అంగీకరించారు" అని పెట్టమన్నాడు. మూడుసార్లు ఊఁ అన్నాడు కదా, నేను స్వయంగా విన్నాను అన్నాడు. ఫోన్ చేసి, మా భాషలో ఆ మాటకు అర్థం అది కాదని చెప్పాను. నవ్వాడు. మా దేశంలో అయితే ఏ కారణమూ చెప్పకుండా ఎవరినైనా ఎప్పుడైనా తీసేయొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది అన్నాడు. పొద్దున్న వచ్చి కార్డు పెడితే తలుపు తెరుచుకోదట. అదే నోటీసట. అలాంటిది ఇక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టి అడిగాం, ఇంకేం కావాలన్నాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు, మెడల్ చూపిస్తున్నట్టు చెప్పాడు. ఆ దేశం వీసా కోసమే కదా మా ఊళ్ళో సగంమంది రోజూ దేవుడికి మొక్కుకుంటున్నది, నాతో సహా.

అదే గొంతుతో, నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ రెన్యువల్ ఎప్పుడని అడిగాడు. ఆ కాగితం తన బల్ల మీదే ఉందని, ఈ వారంలో సంతకం పెడతానని అన్నాడు. అంతే. బెదిరించలేదు, కసరలేదు. నేను ఫోన్ పెట్టేసి ఒక మాట చెరిపి ఇంకో మాట కొట్టాను. నిమిషం కూడా పట్టలేదు.

మూడో రోజు అంకుల్ ఆ కాగితం ప్రింటు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఇక ఎక్కడికెళ్ళి మొరపెట్టుకున్నా ముందు చూసేది దాన్నే, అందులో అంగీకరించారనే ఉంది. రాసిందెవరో కింద నా పేరుంది. ఆయన కోప్పడతారేమో, నాలుగు తిడతారేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఊఁ అంటే ఏటో ఆ దొరకి తెల్దు. నీకు తెలుసు గదమ్మా," అన్నారు.

నేను కీబోర్డు మీంచి తల ఎత్తలేదు. నోట్లోంచి అలవాటుగా వచ్చింది.

"ఊఁ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అవతల హైదరాబాదు వాళ్ళు లైన్లో ఉన్నారు, పాఠం చెప్పే టైమైంది. లేచి నిలబడి అడిగారు.

"ఇంతకీ ఇంటన్నావా, ఒప్పుకుంటన్నావా?"