చెరకు మడిలో కృష్ణబిలాల కూత

దయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్లుమంట. గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు తెంపి పారేసి అవ్వతో తిట్లు తిన్నదాన్ని. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

నేను కృష్ణబిలాల మీద పరిశోధన చేస్తున్నాను. రెండు కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టే గురుత్వ తరంగాలను శబ్దంగా మార్చి కూడా వింటాం. సన్నటి కూత పైపైకి లేచి టక్కున తెగిపోతుంది. ఆ రెండూ సూర్యుడికన్నా తేలికైనవైతే, చచ్చిన నక్షత్రాల నుంచి వచ్చినవి కావు. ఏ నక్షత్రమూ లేనప్పుడే, విశ్వంతో పాటే పుట్టి ఉండాలి. అలాంటి కూత కోసమే ఆ తరంగాలను పట్టే పరికరాల పాత రికార్డింగులు జల్లెడ పడుతున్నాను.

పోయిన చలికాలం రుద్రూర్ దగ్గర మా చెరకు నరుకుతున్నారు. నాలుగు వైపుల నుంచి నరుకుతూ పోతే, లోపలున్న అడవి పందులన్నీ మధ్యలో మిగిలిన ముక్కలోకి చేరతాయి. అవి పారిపోవడానికి ఒక పక్క ఖాళీగా వదిలి, మిగతా మూడు పక్కలా డబ్బాలు కొడతారు. ఆ ఏడాది సగం పంట తొక్కి పాడుచేశాయని మా అన్న వాటిమీద పగబట్టి ఉన్నాడు. గొడ్డలి పట్టుకుని ఆ ఖాళీ పక్కనే నిలబడ్డాడు.

"ఒక్కదాన్ని గూడ పోనియ్య. ఇయ్యాల సంపుడే!"

నేను గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని హెడ్‌ఫోన్లలో వింటున్నాను. గరగర మధ్య కూత లేచింది. తెగాల్సిన చోట తెగలేదు. "సెల్లే!" అని నన్ను పిలుస్తూ మా అన్న గొంతు చించుకుని అరిచినట్టు వినపడింది.

హెడ్‌ఫోన్లు లాగేశాను. అన్న ఎదురుగా నవ్వుతూ బీడీ కాలుస్తున్నాడు. "పక్కకు రా" అనే మాట నోటిదాకా వచ్చింది. పదిమంది ముందు నేనా అలాంటి మాట అనేది? నోరు మూసుకున్నాను.

ఐదు నిమిషాలు కాలేదు. ఒక పంది చెరకు విరుచుకుంటూ వచ్చి అన్న తొడను మోకాలి దాకా చీల్చేసింది. పడ్డవాణ్ని మళ్లీ మళ్లీ కుమ్మింది. అన్న కింద పడి ఉండగానే దాని మెడ మీద గొడ్డలి దింపాడు. అది అన్న మీదే తన్నుకుని చచ్చింది. ఎవరి నెత్తురు ఏదో తెలియలేదు. అప్పుడు అరిచాడు, "సెల్లే!" అని. అదే గొంతు.

నిజామాబాద్ ఆసుపత్రిలో కాలు తీసేశారు.

ఆ రికార్డింగు ఎప్పుడో ఏళ్ల కిందట, సముద్రాల అవతల తీసింది. తర్వాత లెక్కలేనన్ని సార్లు విన్నాను. గరగర తప్ప కూతా లేదు, అరుపూ లేదు. పరీక్ష చేస్తే వట్టి రొదేనని తేలింది. నా భ్రమే అనుకుందామంటే, ఆ అరుపు ముందే ఎలా వినపడిందో నాకు ఈరోజుకీ తెలియదు.

మొన్న మంచం మీద ఒత్తిగిల్లుతూ అన్న అడిగాడు.

"పంది రాకముందే నీ మొకం తెల్లవడ్డదేందే? నేను సూసిన."

ఎండ తగిలిందన్నాను. నమ్మాడు.